అడవి నేలలోని చిన్న నలికిరులు – ఆవరణ వ్యవస్థలో వాటి పాత్ర, సంరక్షణలో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

సారాంశం

నలికిరులు అడవి నేల మీద రాలిన ఆకుల పొరలోను, రాళ్ళ కిందను, వదులు మట్టిలోను జీవించే చిన్న సరీసృపాలు. ఇవి కీటకాలను, సాలీళ్ళను, ఇతర అకశేరుకాలను తింటాయి. పాములకు, పక్షులకు, చిన్న క్షీరదాలకు తామే ఆహారమవుతాయి. ఈ విధంగా కుళ్ళుతున్న ఆకు మీద ఆధారపడిన ఆహార శృంఖలను వెన్నెముక గల జీవులతో కలుపుతాయి. తూర్పు కనుమలలో అతి పరిమిత ప్రాంతాలకు చెందిన నలికిరి జాతులు కొన్ని ఉన్నాయి. ఏటా ఆకు పొరను తగలబెట్టడం, అడవి అంచు తోటల నేలను పూర్తిగా ఊడ్చివేయడం, విషజంతువులన్న అపోహతో చంపడం వీటికి ప్రధానమైన ముప్పులు. ఈ మూడింటినీ విస్తరణ కార్యక్రమాల ద్వారా తగ్గించవచ్చునని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

శుష్క ఆకురాల్చు అడవులలో మాఘ, ఫాల్గుణ మాసాలు వచ్చేసరికి నేల కనబడదు. నల్లమద్ది, టేకు, ఏగిస, చిరుమాను, తునికి వంటి చెట్ల ఆకులు రాలి దట్టంగా పరచుకొంటాయి. ఆ కాలంలో నల్లమలలో గాని, పాపికొండలలో గాని నడిచేవారికి అడుగు చప్పుడుతో పాటే ఆకుల కింద సన్నని గలగల వినిపిస్తుంది. నున్నగా మెరిసే చిన్న దేహమొకటి క్షణకాలం కనబడి మాయమవుతుంది. అది చాలాసార్లు నలికిరి అయి ఉంటుంది. కొన్ని ప్రాంతాలలో దీనిని నలికండ్ల పాము అని కూడా వ్యవహరిస్తారు. పేరులో పాము ఉన్నప్పటికీ ఇది బల్లి, తొండ, ఉడుములకు బంధువు.

నలికిరుల కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా 1,700కు పైగా జాతులు ఉన్నాయి. బల్లులన్నింటిలో అత్యధిక జాతులు గల కుటుంబాలలో ఇది ఒకటి. అయినప్పటికీ అటవీ జీవుల గురించి జరిగే చర్చలో వీటి ప్రస్తావన అరుదు. పులి, జింక, పక్షులకు లభించిన శ్రద్ధ ఆకు పొరలోని జీవులకు లభించలేదు. ఆకు పొరను కాపాడవలసిన జీవావాసంగా చూడక, తొలగించవలసిన చెత్తగా చూసే అలవాటు ఇందుకు ఒక కారణం. అడవి అంచు గ్రామాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ అలవాటును పునఃపరిశీలించవలసి ఉంది.

శరీర నిర్మాణం, గుర్తింపు

నలికిరి దేహం పొడవుగా, గుండ్రంగా ఉంటుంది. మెడ స్పష్టంగా వేరుపడదు. కాళ్ళు పొట్టివి. పొలుసులు చేప పొలుసుల వలె ఒకదాని మీద ఒకటి అమరి, దేహానికి మెరుపునిస్తాయి. వాటి కింద చర్మంలో చిన్న ఎముక ఫలకాలు ఉంటాయి. ఇవి కవచంగా పనిచేస్తూ ఆకుల మధ్య, గులకరాళ్ళ మధ్య దూరి పోయేటప్పుడు ఒరిపిడిని తట్టుకొంటాయి. తల మీద పెద్ద ఫలకాలు సమరూపంగా అమరి ఉంటాయి. కొన్ని జాతులలో కింది కనురెప్పలో పారదర్శకమైన భాగం ఉంటుంది. దీని వలన కళ్ళు మూసుకొన్నా చూపు పూర్తిగా పోదు, దుమ్ము కంటిలో పడదు.

పాముకు, నలికిరికి తేడాను గ్రామస్థులకు వివరించేటప్పుడు మూడు లక్షణాలు చెప్పడం చాలును. మన ప్రాంతంలో సాధారణంగా కనిపించే నలికిరులకు నాలుగు కాళ్ళు ఉంటాయి. కనురెప్పలు కదులుతాయి. తల పక్కన చెవి రంధ్రం కనిపిస్తుంది. పాములకు ఈ మూడూ ఉండవు.

శత్రువు పట్టుకొన్నప్పుడు నలికిరి తన తోకను తానే వదిలివేయగలదు. తోక వెన్నుపూసలలో ముందుగానే ఉన్న బలహీనమైన తలాల వద్ద కండరాలు సంకోచించి తోకను విడగొడతాయి. తెగిన తోక కొంతసేపు కదులుతూ శత్రువు దృష్టిని మరల్చుతుంది. కొత్త తోక పెరుగుతుంది గాని అందులో వెన్నుపూసలకు బదులు మృదులాస్థి కడ్డీ ఉంటుంది. తోకలో కొవ్వు నిల్వ ఉంటుంది కనుక ఈ రక్షణకు మూల్యం కూడా ఎక్కువే. తోక కోల్పోయిన జీవి తన ఆహార శక్తిలో కొంత భాగాన్ని పునరుత్పత్తికి బదులు తోక పెంపకానికి వెచ్చించవలసి వస్తుంది.

మన ప్రాంతపు జాతులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తరచుగా కనిపించే జాతులు ముఖ్యంగా మూడు. మొదటిది యూట్రోపిస్ కారినేటా. మూడింటిలో ఇది పెద్దది. వీపు పొలుసుల మీద గీతల వంటి ఉబ్బెత్తు కణుపులు ఉంటాయి. అడవి అంచులు, పొలం గట్లు, తోటలు, ఇళ్ళ పెరళ్ళు దీని నివాసాలు. పగటిపూట ఎండ కాచుకొని, దేహం వేడెక్కిన తరువాత వేటకు బయలుదేరుతుంది. రెండవది యూట్రోపిస్ మాక్యులేరియా. కంచు రంగులో ఉండే ఈ చిన్న నలికిరి ఆకు పొర దట్టంగా ఉన్న నీడ ప్రాంతాలను కోరుకొంటుంది. మూడవది రియోపా పంక్టేటా. సన్నని దేహం, మరీ పొట్టి కాళ్ళు, వీపు మీద చుక్కల వరుసలు దీని గుర్తులు. పిల్లల తోక ఎర్రగా మెరుస్తుంది. వదులు మట్టిలోను, ఆకుల అడుగునను దూరి తిరుగుతుంది గనుక అంతగా కంటబడదు.

వీటికి భిన్నంగా, అతి పరిమిత ప్రాంతాలకు చెందిన జాతులు కూడా మన కనుమలలో ఉన్నాయి. యూట్రోపిస్ నాగార్జునెన్సిస్‌ను నాగార్జునకొండ ప్రాంతం నుంచి 1969లో ఆర్.సి. శర్మ వర్ణించారు. అదే పరిశోధనలో, అదే ప్రాంతం నుంచి అశ్వమేధి అన్న జాతి నామంతో మరొక నలికిరిని కూడా వర్ణించారు. నాగార్జునకొండ లోయ జలాశయం కింద మునిగిపోయిన దశాబ్దంలోనే ఈ రెండు జాతులు శాస్త్రానికి పరిచయమైనవి. ఒక లోయ మునిగిపోయేటప్పుడు అక్కడి శిల్పాలను తరలించడానికి మనకు సమయం దొరికింది. నేల మీది చిన్న జీవుల జాబితాను మాత్రం ముందుగా తయారుచేసుకోలేదు.

సెప్సోఫిస్ పంక్టేటస్ చరిత్ర ఇంకా గమనింపదగినది. కాళ్ళు లేని ఈ నలికిరిని బెడ్డోమ్ 1870లో విశాఖపట్నం ప్రాంతపు గోల్కొండ కొండల నుంచి వర్ణించారు. ఇవి హైదరాబాదు గోల్కొండ కావు. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతి మాత్రమే. శతాబ్దానికి పైగా దీని జాడ గురించి సమాచారం లేకపోయింది. చివరకు తూర్పు కనుమలలో మళ్ళీ లభించిన నమూనాల ఆధారంగా దీని స్వరూపం, విస్తృతి, ఆవాసాలను వివరిస్తూ 2013లో పరిశోధన పత్రం వెలువడింది. కాళ్ళు లేని మరొక ప్రజాతి బార్కూడియా. ఒడిశాలోని చిలికా సరస్సులో గల బార్కుడా దీవి నుంచి బార్కూడియా ఇన్సులారిస్‌ను అనండేల్ 1917లో వర్ణించారు. దాని సమీప బంధువైన బార్కూడియా మెలనోస్టిక్టా విశాఖపట్నం ప్రాంతానికి చెందినది. మట్టిలో దాగి ఉండే ఇటువంటి జాతులు ఒక కొండ మీద నుంచి అంతరించినా ఆ నష్టం ఎవరి దృష్టికీ రాకుండా పోయే ప్రమాదముంది.

ఆకు పొర – ఒక జీవావాసం

ఆకు పొర అడుగున పరిస్థితులు పైన ఉన్నట్లు ఉండవు. వేసవి మధ్యాహ్నం ఎండ తగిలే నేల తీవ్రంగా వేడెక్కుతుంది. ఆకుల అడుగున వేడి తక్కువగాను, తేమ ఎక్కువగాను ఉంటుంది. తన దేహపు వేడిని తానే ఉత్పత్తి చేసుకోలేని నలికిరికి ఈ తేడా ప్రాణాధారం. ఉదయం ఎండ పడే చోట దేహాన్ని వేడెక్కించుకొని, వేడి పెరిగినప్పుడు కొద్ది అంగుళాల లోతుకు దిగి చల్లబడుతుంది. ఒకే చోట ఎండ, నీడ, తేమ, దాగుడు స్థలం దొరకడం దానికి అవసరం. ఆకు పొర ఉన్న నేల ఈ నాలుగింటినీ సమకూరుస్తుంది.

సంతానోత్పత్తికి కూడా ఈ తేమ అవసరమే. నలికిరుల కుటుంబంలో గుడ్లు పెట్టే జాతులు, పిల్లలను కనే జాతులు రెండూ ఉన్నాయి. మన ప్రాంతపు సాధారణ జాతులు గుడ్లు పెడతాయి. కుళ్ళిన మొద్దుల కింద, రాళ్ళ కింద, వదులు మట్టిలో కొద్ది సంఖ్యలో గుడ్లు ఉంచుతాయి. గుడ్డు పెంకు కోడిగుడ్డు పెంకు వలె గట్టిది కాదు, తోలు వలె పలుచనిది. చుట్టూ ఉన్న మట్టి నుంచి తేమను పీల్చుకొంటూ గుడ్డు పెరుగుతుంది. మట్టి ఎండిపోతే గుడ్డు కూడా ఎండిపోతుంది.

ఆవరణ వ్యవస్థలో పాత్ర

అడవిలో పుట్టే ఆకులో అధిక భాగాన్ని పచ్చిగా ఉండగా ఏ జంతువూ తినదు. అది రాలి నేల చేరుతుంది. శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు, నల్లులు, స్ప్రింగ్‌టెయిల్స్, రోకలిబండలు, చెదలు కలిసి దానిని విచ్ఛిన్నం చేస్తాయి. ఈ జీవులను, వాటిని తినే సాలీళ్ళను, కీచురాళ్ళను, బొద్దింకలను, పెంకు పురుగులను, లార్వాలను నలికిరులు తింటాయి. ఒకచోట పొంచి ఉండే తొండకు భిన్నంగా నలికిరి నాలుకతో వాసన పసిగడుతూ ఆకుల మధ్య వెదకి వేటాడుతుంది. అందువలన కదలకుండా దాగి ఉన్న లార్వాలు, ప్యూపాలు కూడా దానికి చిక్కుతాయి. పక్షుల ముక్కుకు అందని ఇరుకు సందులలోనికి అది చేరగలదు.

నలికిరిని తినే జీవుల జాబితా కూడా పెద్దదే. కట్లపాము, ఉడుము, ముంగిస, జెముడుకాకి, పాలపిట్ట, లకుముకి పిట్ట వీటిలో కొన్ని. ఒక స్ప్రింగ్‌టెయిల్ లేదా చిన్న లార్వా పాలపిట్ట ఆకలి తీర్చజాలదు. అటువంటి వందలాది సూక్ష్మ ప్రాణులను తిని పెరిగిన నలికిరి తీర్చగలదు. కంటికి ఆనని ఆహారాన్ని పెద్ద జీవులకు అందే పరిమాణంలోనికి మార్చడమే ఆహార జాలంలో చిన్న నలికిరుల ప్రధానమైన పాత్ర.

ఈ మార్పిడి సమర్థంగా జరగడానికి కారణం వాటి శరీర ధర్మంలోనే ఉంది. పక్షులు, క్షీరదాలు తిన్న ఆహారంలో అత్యధిక భాగాన్ని దేహపు వేడిని నిలుపుకోవడానికే ఖర్చు చేస్తాయి. అంతే బరువు గల బల్లి దినసరి శక్తి వినియోగం అందులో పదవ వంతు కంటే తక్కువ. మిగిలిన శక్తి దేహ నిర్మాణానికి, సంతానానికి చేరుతుంది. అందుచేతనే ఆహారం స్వల్పంగా దొరికే ఎండు అడవులలో కూడా ఇవి మనగలుగుతున్నాయి.

అయితే నలికిరుల వలన ఆకు కుళ్ళే వేగం పెరుగుతుందని గాని, తగ్గుతుందని గాని సూటిగా చెప్పడం తగదు. అవి ఆకును ముక్కలు చేసే జీవులను తింటే కుళ్ళే వేగం తగ్గవచ్చు. ఆ జీవులనే వేటాడే సాలీళ్ళను, జెర్రులను తింటే పెరగవచ్చు. ఆకు పొరలో వేటాడే ఇతర చిన్న వెన్నెముక జీవుల మీద జరిగిన ప్రయోగాలలో కూడా ఫలితాలు స్థలాన్ని, తేమను బట్టి మారాయి. పోషక చక్రంలో నలికిరుల పాత్రను మన అడవులలోనే ప్రయోగపూర్వకంగా కొలవవలసి ఉంది. విద్యార్థుల పరిశోధనకు ఇది అనువైన అంశం.

కొన్ని ప్రభావాలు అడవి దాటి మానవ ఆరోగ్యం వరకు వ్యాపిస్తాయి. అమెరికా తూర్పు ప్రాంతంలో లైమ్ వ్యాధిని వ్యాపింపజేసే పిడుదుల మీద జరిగిన అధ్యయనం 2021లో ప్రచురితమైంది. ఉత్తరాన పిల్ల పిడుదులు ఎక్కువగా ఎలుకల మీద చేరగా, దక్షిణాన నలికిరుల మీద చేరుతున్నట్లు అందులో తేలింది. ఎలుకలు ఆ వ్యాధి క్రిమిని పిడుదులకు బాగా అంటిస్తాయి, నలికిరులు అంతగా అంటించవు. దక్షిణాన ఆ వ్యాధి అరుదుగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణంగా పరిశోధకులు గుర్తించారు.

ముప్పులు

మొదటి ముప్పు నిప్పు. మన అడవులలో ఫిబ్రవరి నుంచి మే వరకు వచ్చే మంటలలో అధిక భాగం మనుషుల వలన కలిగేవే. తునికి మొక్కలు కొత్త చిగుళ్ళు వేయాలని, ఇప్ప పువ్వు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని, మేతగడ్డి త్వరగా మొలవాలని నిప్పు పెట్టే అలవాటు ఉంది. ఈ మంటలు నేల మీదనే పాకుతాయి, పెద్ద చెట్లు సాధారణంగా చావవు. అందువలన నష్టం స్వల్పమని భావిస్తారు. ఎదిగిన నలికిరులలో కొన్ని రాళ్ళ కింద, బొరియలలో తలదాచుకొని మంట నుంచి బతికి బయటపడతాయి. అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. ఎండలు ముదిరే సమయానికి వాటికి నీడ ఉండదు, తేమ ఉండదు, తినడానికి పురుగు ఉండదు. బూడిద పట్టిన బోసి నేల మీద తిరిగే ప్రతి జీవీ పక్షి కంట పడుతుంది. ఏటా కాలే చోట మరుసటి సంవత్సరానికి కూడా తగినంత ఆకు పొర ఏర్పడదు.

రెండవది తోటలలో నేలను పూర్తిగా ఊడ్చి, పోగుచేసి కాల్చడం. అడవిని ఆనుకొని ఉన్న మామిడి, జీడిమామిడి తోటలు నలికిరులకు అడవికి కొనసాగింపుగా ఉపయోగపడతాయి. నేల బోసిపోతే ఆ అనుబంధం తెగిపోతుంది. అవసరానికి మించి వాడే పురుగుమందుల వలన వాటి ఆహారం తగ్గడమే కాక, మందు తగిలిన పురుగులను తిన్నప్పుడు ఆ మందు వాటి దేహంలోనికి కూడా చేరుతుంది.

మూడవది అపోహ. నలికిరి కరిస్తే ప్రాణం పోతుందన్న నమ్మకం దక్షిణ భారతమంతటా ఉంది. కేరళలో అయితే అది సామెతగానే స్థిరపడింది. వాస్తవానికి మన దేశంలోని నలికిరులలో ఏ జాతికీ విషం లేదు. చేతికి చిక్కినప్పుడు కొరకవచ్చు గాని దాని వలన ప్రమాదం లేదు. కాని పొలంలో, చీకటిలో, ఏది కరిచిందో తెలియనప్పుడు నలికిరే అయి ఉంటుందని నిర్లక్ష్యం చేయరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. అపోహను తొలగించేటప్పుడు ఈ జాగ్రత్తను తప్పక చెప్పాలి.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

తోట పరిశుభ్రత గురించి సలహా ఇచ్చేటప్పుడు రెండు విషయాలను వేరుచేసి చెప్పడం అవసరం. పండు ఈగ సోకి రాలిన మామిడి కాయలను, కాండం తొలిచే పురుగు పట్టి చచ్చిన జీడిమామిడి చెట్లను తప్పక తొలగించి నాశనం చేయాలి. ఆరోగ్యంగా రాలిన ఆకును మాత్రం చెట్ల మొదళ్ళకు కొద్ది దూరంగా ఆచ్ఛాదనగా ఉంచవచ్చు. దీని వలన నేలలో తేమ నిలుస్తుంది, సేంద్రియ పదార్థం పెరుగుతుంది. నలికిరులకు ఆవాసం దొరకడం అదనపు ప్రయోజనం. రైతుకు ముందుగా తేమ, భూసారాల లాభాన్ని చూపడమే ఆచరణీయం.

అడవి వైపు గట్టు మీద నిప్పు పెట్టకుండా, ఆకును, రాళ్ళ కుప్పలను, ఒకటి రెండు పాత మొద్దులను కదిలించకుండా ఒక సన్నని పట్టీని వదలమని సూచించవచ్చు. ఎండుటాకు నిప్పుకు ఆహారం కనుక ఈ పట్టీకి, తోటకు మధ్య వేసవిలో శుభ్రం చేసిన సన్నని బాట ఉండాలి. తునికాకు సేకరణలో నిప్పుకు బదులు కొమ్మ కొట్టే పద్ధతిని, ఇప్ప పువ్వు సేకరణలో చెట్టు కింద వల లేదా పాత చీరలు పరచే పద్ధతిని ప్రోత్సహించాలి. సేకరించేవారి శ్రమ తగ్గుతుందని చూపినప్పుడే ఇవి నిలుస్తాయి. పాడేరు, అరకు ప్రాంతాలలో నీడ చెట్ల కింద సాగయ్యే కాఫీ తోటలలో ఆకు పొర సహజంగానే ఉంటుంది. దానిని చెదరనీయకుండా కాపాడడం సులభం.

నలికిరులను పంట తెగుళ్ళ నివారణకు సాధనంగా ప్రచారం చేయడం మాత్రం సరికాదు. అవి పురుగులతో పాటు మేలు చేసే సాలీళ్ళను కూడా తింటాయి. ఏ ఒక్క పురుగునూ ఎంచుకొని అదుపు చేయవు. అతిశయోక్తితో పొందిన ఆదరణ మొదటి పంట నష్టంతోనే పోతుంది.

విద్యార్థులకు క్షేత్ర అధ్యయన పద్ధతులు

అడవిలో సర్వే చేయడానికి అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. సరళమైన పద్ధతి గడి సర్వే. 5 మీటర్ల భుజం గల చతురస్రాన్ని గుర్తించి, ఇద్దరు లేదా ముగ్గురు అంచుల నుంచి మధ్యకు వస్తూ ఆకు పొరను, రాళ్ళను వెదకాలి. చేతి తొడుగులు, కర్ర తప్పనిసరి. అదే ఆకుల కింద కట్లపాము, తేలు కూడా ఉండగలవు. ఎత్తిన రాయిని మళ్ళీ అదే స్థితిలో ఉంచాలి. రెండవ పద్ధతిలో పాత ఇంటి పెంకులను వరుసగా నేల మీద పరచి, కొన్ని వారాల తరువాత నిర్ణీత వేళలలో ఎత్తి చూస్తారు. మట్టిలో తిరిగే జాతులకు గుంత ఉచ్చులు ఉపయోగపడతాయి. వాటికి నీడ, అడుగున నీరు పోయే రంధ్రాలు ఉండాలి. ఉదయం, సాయంత్రం తప్పక పరిశీలించాలి.

ప్రతి గడిలో ఆకు పొర మందం, చెట్ల నీడ శాతం, నేల ఉష్ణోగ్రత, గతంలో కాలిన గుర్తులు నమోదు చేయాలి. పట్టిన జీవి ముక్కు నుంచి మలద్వారం వరకు గల పొడవును కొలవాలి. దేహం మధ్య భాగంలో పొలుసుల వరుసలను, వీపు పొలుసు మీది కణుపులను లెక్కించాలి. తోక పట్టుకొని ఎత్తరాదు. తెగి పెరిగిన తోకల శాతాన్ని వ్యాఖ్యానించేటప్పుడు జాగ్రత్త అవసరం. అది శత్రువుల నుంచి తప్పించుకొన్న వాటి లెక్క మాత్రమే, బలైపోయిన వాటిది కాదు. కాలిన, కాలని గడులను ఒకే ఋతువులో పోల్చి చూస్తే నిప్పు ప్రభావం గురించి ఉపయోగకరమైన సమాచారం లభిస్తుంది.

ముగింపు

చిన్న నలికిరి అడవి నుంచి కోరేది స్వల్పం: కొంత ఆకు, కొంత నీడ, కదిలించని ఒక రాయి. వీటిని వదలడానికి రైతుకు గాని, అటవీ శాఖకు గాని పెద్ద ఖర్చు లేదు. ఆకు పొరను నిలుపుకొన్న నేలలో తేమ, భూసారం, నలికిరి, దానిని తినే పాలపిట్ట కలిసి నిలుస్తాయి. అగ్గిపుల్ల గీయబోయే చేతిని ఫిబ్రవరి కంటే ముందే ఒప్పించి ఆపవలసి ఉన్నది గనుక, అడవి అంచు గ్రామాల రైతు శిక్షణ కార్యక్రమాలలో ఈ అంశాన్ని ఏటా ఆకు రాలే కాలానికి ముందుగానే చేర్చడం సముచితం.